వయొలిన్, పియానో ఇద్దరే ఉన్నప్పుడు ఒపేరా నుంచి ఏది ఎంచుకోవాలి?

"అక్కా, ఇది వాయిద్దామా?" అంటూ నాకు వాట్సాప్‌లో ఫొటోలు వస్తుంటాయి. ఎప్పుడూ వయొలిన్ పేజీయే వస్తుంది. పియానో పేజీ మాత్రం కార్యక్రమానికి రెండ్రోజుల ముందు చేతికి అందుతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్. ఏళ్ల తరబడి వయొలిన్ విద్యార్థుల పక్కన పియానో ముందు కూర్చున్నదాన్ని కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: ఒపేరా (కథంతా పాటల్లో నడిచే పాశ్చాత్య సంగీత నాటకం) సంగీతాన్ని ఈ జంటకు ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది పియానో పేజీ. ఈ వ్యాసంలో మిగతాదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

రికార్డులు లేని కాలంలో యూరప్‌లో చాలామంది ఒపేరా పాటల్ని ఇంట్లోనే, ఇలాంటి చిన్న ఏర్పాట్లలోనే విన్నారు. అందుకే ఈ రెండు వాద్యాలకు సరిపడేలా తిరగరాసిన ఒపేరా అరేంజ్‌మెంట్లు కుప్పలుగా ఉన్నాయి. వాటిలో దేన్ని పట్టుకోవాలో తెలియకే చాలామంది ఆగిపోతారు.

ముందుగా ఏం చూడాలి

పియానో పేజీ సంగతి. వయొలిన్ ఒక గొంతు స్థానంలో నిలబడుతుంది. పియానోకు మాత్రం మొత్తం ఆర్కెస్ట్రాను రెండు చేతుల్లో మోసే పని పడుతుంది. తీగవాద్యాలన్నీ కలిసి ఎనిమిది మాత్రలు నిలిపి ఉంచే ఒక స్వరాల గుత్తిని (కార్డ్) పియానో మీద నొక్కితే రెండో మాత్రకే సగం కరిగిపోతుంది. మంచి అరేంజ్‌మెంట్ రాసినవారు దీన్ని గుర్తించి, ఆ స్వరాలను విడదీసి పారేలా రాస్తారు. సరిగ్గా రాయని చోట మీకు ట్రెమొలో కనిపిస్తుంది, అంటే రెండు స్వరాల మధ్య చేతిని గడగడలాడించడం. అలాంటివి పేజీకి నాలుగైదు చోట్ల కనిపిస్తే ఇంకో ఎడిషన్ వెతకండి.

తర్వాత గొంతు. వయొలిన్‌లో అన్నిటికంటే కింది స్వరం మధ్య సి కింద ఉండే జి. సొప్రానో, మెజో (ఆడగొంతుల్లో పైది, మధ్యది) పాటలు చాలావరకు ఉన్న శ్రుతిలోనే సరిపోతాయి. టెనార్ (మగగొంతుల్లో పైది) పాటకు రెండు దారులున్నాయి: అసలు ఎత్తులోనే కింది తీగల మీద వాయిస్తే మగగొంతులోని గరుకుదనం దక్కుతుంది, ఒక ఆక్టేవ్ (స్థాయి) పైకి తీసుకెళ్తే మెరుపు వస్తుంది గానీ పాత్ర మారిపోతుంది. దానికంటే కింది మగగొంతు బారిటోన్ పాటలతో ఇబ్బంది ఎక్కువ. 'కార్మెన్'లోని టొరియడార్ పాటను పై ఆక్టేవ్‌లో వాయిస్తే ఎద్దుతో తలపడే మనిషి కనబడడు.

మూడోది, మాటలు. పాటలోంచి మాటలు తీసేస్తే ఏం మిగులుతుందో పాట పాటకూ వేరుగా ఉంటుంది. మన కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కృతి వాయించేటప్పుడు సాహిత్యం తెలిసి ఉంటే బో (కమాను) ఎక్కడ మార్చాలో మాటే చెబుతుంది, మాట మధ్యలో విరిచేస్తే విన్నవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ఒపేరా పాటకూ అదే పద్ధతి. ఫ్రెంచ్ గానీ ఇటాలియన్ గానీ రాకపోయినా, మాటలు స్వరాల కింద రాసి ఉన్న స్కోరు ముందు పెట్టుకోండి.

నాలుగోది, హాల్లో ఏ వాద్యం ఉందో కనుక్కోవడం. మన ఊళ్లలో చాలా హాళ్లలో పియానో ఉండదు, 61 కీల కీబోర్డు తెచ్చి పెడతారు. ఒక్కోసారి దానికి సస్టెయిన్ పెడల్ కూడా ఉండదు. కీ వదిలాక కూడా స్వరాన్ని నిలిపి ఉంచేది అదే కాబట్టి, పెడల్ లేకుండా కొన్ని ముక్కలు అసలు వాయించలేం. ఒకసారి అలా చిక్కుకుని, ఫ్రెంచ్ స్వరకర్త మాస్నే రాసిన ఆర్పెజియోలన్నీ (ఒకదాని వెంట ఒకటి పారే స్వరాలు) విడివిడి చుక్కల్లా రాలిపోతుంటే ఏమీ చేయలేక వాయించాను. అప్పటినుంచి పెడల్ బ్యాగ్‌లో పెట్టుకునే బయల్దేరుతున్నాను.

ఒక్క చూపులో

నిడివి సుమారుగా ఇచ్చాను. రెండు పేర్ల మధ్య గీత ఉంటే మొదటిది స్వరకర్త, రెండోది దాన్ని వయొలిన్‌కు తెచ్చినవారు. కష్టం సంగతి నా అనుభవంతో చెప్పింది.

| ముక్క | నిడివి | వయొలిన్‌కు | పియానోకు | ఎవరికి |
|---|---|---|---|---|
| డాంక్లా, ఓపస్ (రచన సంఖ్య) 89 వేరియేషన్లు | ఒక్కొక్కటి 4–5 నిమిషాలు | తేలిక నుంచి మధ్యస్థం | తేలిక | రెండు మూడేళ్లుగా నేర్చుకుంటున్నవారికి |
| గ్లక్–క్రైస్లర్, మెలొడీ | 3 నిమిషాలకు పైగా | వేళ్లకు తేలిక, బోకు కష్టం | తేలిక | ఒపేరా ఎప్పుడూ వినని శ్రోతల ముందు |
| మాస్నే, 'తాయిస్' మెడిటేషన్ | 5 నిమిషాలు | మధ్యస్థం | మధ్యస్థం, పెడల్ తప్పనిసరి | వేడుకలకు, తొలి కచేరీలకు |
| చైకోవ్‌స్కీ–ఆవర్, లెన్‌స్కీ పాట | 6 నిమిషాలు | మధ్యస్థం | మధ్యస్థం | పాటలా వాయించాలనుకునేవారికి |
| గెర్ష్‌విన్–హైఫెట్జ్, 'పోర్గీ అండ్ బెస్' | ఐదు ముక్కలు, విడిగా కూడా వాయించవచ్చు | కష్టం | కష్టం | ఇద్దరూ సమానంగా గట్టివాళ్లయితే |
| సారసాతే, కార్మెన్ ఫాంటసీ | 12 నిమిషాలు | చాలా కష్టం | వేళ్లకు మధ్యస్థం, చెవికి కష్టం | పోటీలకు, డిగ్రీ రిసైటల్‌కు |
| వాక్స్‌మన్, కార్మెన్ ఫాంటసీ | 10–11 నిమిషాలు | చాలా కష్టం | కష్టం | వృత్తి కళాకారులకు |
| మీరే రాసుకున్న 'కార్మెన్' హబనేరా | 3–4 నిమిషాలు | మీ చేతిలో ఉంది | మీ చేతిలో ఉంది | ఓపిక ఉన్న ఎవరికైనా |

చిన్న పాటలా ఉండేవి: మాస్నే, గ్లక్

'తాయిస్' 1894లో పారిస్ ఒపేరాలో మొదటిసారి ఆడింది. అందులోని మెడిటేషన్‌కు ఒక సౌలభ్యం ఉంది: అది గాయని పాడే పాటే కాదు. రెండో అంకంలో రెండు దృశ్యాల మధ్య, నాయిక తాయిస్ మనసు మారే సమయంలో ఆర్కెస్ట్రాలోని వయొలిన్ ఒంటరిగా వాయించేది. అంటే వయొలిన్‌కు పోయేదేమీ లేదు. హార్ప్ పారుదల పియానోకు వస్తుంది, అది కూడా చేతికి చక్కగా ఒదుగుతుంది. మార్టిన్ మార్సిక్ చేసిన వయొలిన్–పియానో అరేంజ్‌మెంట్ అందరూ వాడేది.

ఎఫ్ షార్ప్, డి, ఎ అని మెట్లు దిగినట్టు మొదలయ్యే ఆ మూడు స్వరాలు వినగానే హాలు నిశ్శబ్దమవుతుంది. చిక్కు మధ్యభాగంలో ఉంది. అక్కడ ఆవేశం పెరుగుతుంటే పిల్లలు వేగం పెంచేసి, తిరిగి మొదటి స్వరాల దగ్గరికి వచ్చేసరికి బోలో ఊపిరి మిగలకుండా చేసుకుంటారు. చివర్లో పైన హార్మోనిక్స్ (తీగను తేలిగ్గా తాకి తెప్పించే సన్నటి స్వరాలు) కూడా ఉన్నాయి. స్వరం పలక్కపోతే ఆ ముగింపంతా తేలిపోతుంది.

గ్లక్ ముక్క ఇంకా తక్కువ స్వరాలతో ఇంకా ఎక్కువ చెబుతుందని నా నమ్మకం. 'ఓర్ఫియస్' ఒపేరా 1762లో వియన్నాలో వచ్చింది. 1774లో పారిస్ కోసం తిరగరాసినప్పుడు గ్లక్ పుణ్యాత్మల నృత్యానికి డి మైనర్‌లో ఒక ఫ్లూట్ సోలో చేర్చాడు. దాన్నే ఫ్రిట్జ్ క్రైస్లర్ వయొలిన్‌కు తెచ్చాడు. చనిపోయిన భార్యను వెతుక్కుంటూ వచ్చిన మనిషికి పరలోకంలో వినిపించే సంగీతం ఇది. ఒక్క వేగమైన స్వరం కూడా లేదు. అందుకే బో కొంచెం వణికినా దాచుకోవడానికి చోటు ఉండదు. ఒపేరా పేరు కూడా వినని బంధువుల మధ్య ఒక్కటే వాయించమంటే నేను దీన్నే వాయిస్తాను.

'కవలేరియా రుస్టికానా' ఇంటర్‌మెజో (ఒపేరా మధ్యలో ఆర్కెస్ట్రా ఒక్కటే వాయించే భాగం) కూడా ఈ వరుసలోకే వస్తుంది. కాకపోతే అది తీగవాద్యాల గుంపు కోసం పుట్టింది, ఒక్క వయొలిన్ మీద పలచబడుతుంది.

గొంతును నేరుగా తెచ్చినవి: ఆవర్, హైఫెట్జ్

చైకోవ్‌స్కీ 'యెవ్‌గెనీ అనేగిన్' 1879లో మాస్కోలో మొదలైంది. ద్వంద్వయుద్ధానికి ముందు, తెల్లవారుజామున, చావు ఎదురుగా ఉందని తెలిసిన యువకవి లెన్‌స్కీ పాడే పాట అందులో గుండెకాయ. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వయొలిన్ నేర్పిన లియొపోల్డ్ ఆవర్ దాన్ని వయొలిన్–పియానోకు రాశాడు. ఇది టెనార్ పాట కాబట్టి పైన చెప్పిన ఆక్టేవ్ ప్రశ్న ఇక్కడ బాగా తేలుతుంది. నా మాట వింటే, మొదటిసారి వచ్చినప్పుడు వీలైనంత కింది తీగల మీదే వాయించండి. వేళ్లు పైకి జరిగేటప్పుడు వచ్చే ఆ కాస్త బిగువే గాయకుడి గొంతు. మొదటి పొజిషన్‌లో, అంటే ఎడమచేయి తీగ మొదట్లోనే ఉంచి తేలిగ్గా వాయిస్తే శుభ్రంగా ఉంటుంది గానీ, చావుకు సిద్ధమైన మనిషి మాత్రం వినబడడు.

ఆవర్ శిష్యుడే యాషా హైఫెట్జ్. గెర్ష్‌విన్ 1935 నాటి 'పోర్గీ అండ్ బెస్' నుంచి ఆయన ఐదు ముక్కలు చేశాడు. నా లెక్కలో ఈ మొత్తం జాబితాలో పియానోకు అత్యంత గౌరవం ఇచ్చినవి ఇవే. పియానో వెనక నిలబడి తాళం వేయదు, పక్కన కూర్చుని మాట్లాడుతుంది. 'సమ్మర్‌టైమ్'లో ఊయలలా ఊగే కార్డ్‌లు తడబడితే వయొలిన్ ఎంత తియ్యగా పలికినా జోలపాట అవదు. అందుకే పియానిస్టు జాజ్ లయ తెలియనివారైతే దీన్ని మొదలుపెట్టొద్దు. వయొలిన్ విద్యార్థికి రెండు నెలలు పడితే పియానోకు కూడా అంతే పడుతుందని ముందే మాట్లాడుకోండి.

ఒక జాగ్రత్త. భారత చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. హైఫెట్జ్ 1987లో పోయాడు కాబట్టి ఆయన అరేంజ్‌మెంట్లు 2047 చివరిదాకా రక్షణలో ఉంటాయి, కొనుక్కోవాల్సిందే. క్రైస్లర్ 1962లో పోయాడు, ఇక్కడ ఆ గడువు తీరింది. మాస్నే, ఆవర్, సారసాతేల గడువు ఎప్పుడో తీరింది, ఐఎమ్ఎస్ఎల్‌పీ సైట్‌లో పాత ముద్రణలు ఉచితంగా దొరుకుతాయి. అమెరికాలో లెక్క వేరు, అచ్చయిన ఏడాదిని బట్టి నడుస్తుంది. అక్కడుండే మనవాళ్లు అది విడిగా చూసుకోవాలి.

కార్మెన్ ఫాంటసీలు: సారసాతేనా, వాక్స్‌మనా

బిజే 'కార్మెన్' 1875 మార్చి 3న పారిస్‌లో మొదటిసారి ఆడింది. మూడు నెలలకే బిజే చనిపోయాడు. ఆ తర్వాత వయొలిన్ వాళ్లు ఈ ఒపేరాను వదల్లేదు. దాని పాటల్ని కలిపి అల్లిన ముక్కలే ఈ ఫాంటసీలు.

స్పెయిన్‌కు చెందిన పాబ్లో డి సారసాతే రాసింది ఐదు భాగాలు. నాలుగో అంకం ముందు వచ్చే సంగీతంతో మొదలై, హబనేరా, ఒక నెమ్మది భాగం, సెగిదియా మీదుగా జిప్సీ నృత్యంతో ముగుస్తుంది. భాగాలు విడివిడిగా ఉండటం ఇందులో గొప్ప సౌకర్యం. మొత్తం రాకపోతే హబనేరా, సెగిదియా రెండే వాయించి లేచిపోవచ్చు. వాక్స్‌మన్ ఫాంటసీ 1946 నాటి ఒక హాలీవుడ్ సినిమా కోసం పుట్టి, హైఫెట్జ్ వాయించడంతో కచేరీలకు చేరింది. అది ఒకే ప్రవాహం, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి చోటు తక్కువ. పియానో భాగం కూడా బాగా దట్టంగా ఉంటుంది.

సారసాతేలో పియానో వేళ్లకు పెద్ద కష్టం లేదు. కష్టమంతా వెంబడించడంలో ఉంది. వయొలిన్ ఒక పరుగులో ఎక్కడ సాగదీస్తుందో, ఎక్కడ దూకుతుందో బో కదలిక చూసి పట్టుకోవాలి. జిప్సీ నృత్యం వేగం పెరుగుతూ పోతుంది, ఎవరు ఎవర్ని లాక్కెళ్తున్నారో తెలియని స్థితి వస్తే అక్కడే కూలుతుంది. ఇద్దరూ కనీసం ఆరేడుసార్లు కలిసి వాయించగలిగితేనే ఒప్పుకోండి. ఒక్క రిహార్సల్‌తో అయ్యే పని కాదు.

డాక్టరేట్ స్థాయి వాళ్లను వదిలేస్తే, వాక్స్‌మన్ కంటే సారసాతేనే ఎంచుకోమంటాను. వీనియావ్‌స్కీ 'ఫౌస్ట్' ఫాంటసీ కూడా బాగుంటుంది, కానీ అంత పొడవును నిలబెట్టడానికి శ్రోతకు గూనో పాటలు ముందే తెలిసి ఉండాలి.

నేర్చుకునే పిల్లలకు: డాంక్లా

చార్లెస్ డాంక్లా (1817–1907) ఓపస్ 89లోని వేరియేషన్లకు రొస్సీని, బెల్లీని, డోనిజెట్టి, పచీనీల పాటలు ఆధారం. పాట ఒకటి వస్తుంది, తర్వాత దాన్నే మార్చి మార్చి వాయిస్తారు. పియానో భాగాన్ని ఆ పిల్లల అమ్మో, అన్నో కూడా వాయించేయగలరు. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు, ధైర్యంగా తీసుకోండి.

మీరే రాసుకోవడం: హబనేరాతో ఒక ప్రయత్నం

నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి ఇది. చాలామంది అనుకున్నంత కష్టం కూడా కాదు. 'కార్మెన్'లో కార్మెన్ పాడే హబనేరా వోకల్ స్కోరు (పాట, దాని కింద పియానో భాగం ఉన్న పుస్తకం) ఉచితంగా దొరుకుతుంది. పాటకు మొదటి మాటే "ప్రేమ ఒక మచ్చిక కాని పిట్ట" అని.

డి మైనర్‌లో ఉంటుంది. గొంతు పై డి దగ్గర మొదలై, చాలావరకు అర స్వరం అర స్వరంగా జారుతూ కింది డి దాకా దిగుతుంది. ఇప్పుడు వయొలిన్ చేతిలోకి తీసుకుని డి తీగను చూడండి. పై డి సరిగ్గా ఆ తీగ సగంలో ఉంది, నాలుగో పొజిషన్‌లో చిటికెన వేలి కింద. కింది డి ఖాళీ తీగ. అంటే ఆ దిగుడంతా ఒకే తీగ మీద, సగం నుంచి మొదటిదాకా నడుస్తుంది! మొదటి చరణం డి తీగ దాటకుండా వాయించండి. మెజో గొంతులో ఉండే చీకటి అక్కడే ఉంది. ఎ తీగకు మారిన క్షణం పాడుతున్న మనిషి మారిపోయినట్టు వినిపిస్తుంది.

అర స్వరాలు కదా అని ఒకే వేలుతో జార్చేయాలనిపిస్తుంది. ఆగండి. పాడేటప్పుడు దాదాపు ప్రతి స్వరానికీ ఒక అక్షరం ఉంది, అక్షరం విడిగా వినబడాలి. నేను విద్యార్థులతో ముందు మాటలు గట్టిగా చదివిస్తాను, తర్వాత మాటకో బో చొప్పున గీస్తాం. రెండో చరణం పై ఆక్టేవ్‌లో వాయించండి, లేదా మన సంగతుల్లాగా చిన్న మార్పులతో అలంకరించండి. అదే పాటను అదే చోట రెండుసార్లు వాయిస్తే మాటలు లేవన్న సంగతి బయటపడిపోతుంది. గాయనికి మాట మారుతుంది, మనకు స్వరమో తీగో మారాలి.

పియానో ఎడమచేతికి డి, ఎ, ఎఫ్, ఎ అని తిరిగే నడక ఉంది, చరణం మేజర్‌కు మారినా ఎఫ్ షార్ప్ అవుతుందే తప్ప నడక ఆగదు. 61 కీల కీబోర్డు మీద కూడా చక్కగా పలుకుతుంది, పెడల్ లేకపోయినా ఫర్వాలేదు. కుడిచేతి పని జాగ్రత్తగా చూడాలి. వోకల్ స్కోర్లలో పియానో భాగం గాయకులు సాధన చేసుకోవడానికి రాసింది కాబట్టి కుడిచేయి చాలాచోట్ల పాటనే మళ్లీ వాయిస్తుంటుంది. అలాంటివన్నీ కొట్టేయండి. వయొలిన్ పాడుతున్న స్వరాన్నే పియానో కూడా నొక్కితే రెండూ మసకబారతాయి. వయొలిన్ కింది తీగల మీద ఉన్నప్పుడు పియానో మధ్య సి చుట్టుపక్కల ఎక్కువ వాయించకూడదు. కుడిచేతిని పైకి జరపండి, లేదా ఖాళీగా ఉంచండి.

కోరస్ వచ్చేచోటు ఈ పాటలో నాకు ప్రాణం. అక్కడ జనం మొదటి పాటను అందుకుంటారు, కార్మెన్ వాళ్ల మీదుగా "ప్రేమ... ప్రేమ..." అని సాగదీస్తుంది. అక్కడ పాటను పియానో కుడిచేతికి ఇచ్చేసి, వయొలిన్‌కు ఆ సాగే స్వరాలు మాత్రమే ఉంచండి. అప్పటిదాకా తోడుగా ఉన్న పియానో ఒక్కసారిగా ఊరి జనం అయిపోతుంది. చరణం చివర "నువ్వు జాగ్రత్త!" అని కోరస్ అరిచే నాలుగు అక్షరాల కేక కూడా పియానోదే, రెండు చేతులా గట్టిగా. వయొలిన్ ఆ కేక కోసం ఆగాలి. రిహార్సల్‌లో ఈ ఆగడం కుదరడానికే మాకు ఎక్కువ సమయం పడుతుంది.

మీ సంగతి ఏమిటి?

కర్ణాటక వయొలిన్ నుంచి వస్తున్నవారైతే గ్లక్‌తోనో, సొంత హబనేరాతోనో మొదలుపెట్టండి. ఒక్క గీతను గొంతులా పలికించడం మీకు ముందే వచ్చు. కాకపోతే తీగల్ని స–ప–స–ప నుంచి జి, డి, ఎ, ఇలకు మార్చి పియానోతో సరిచూసుకోవాలి, వేళ్ల లెక్కలు కొత్తగా అలవాటవడానికి కొన్ని వారాలు పడుతుంది.

పోటీ ఉంటే సారసాతే. ఏడాది ముందే పియానిస్టుతో మాట్లాడుకోండి. పెళ్లి లేదా స్మారక సభ అయితే మాస్నే గానీ గ్లక్ గానీ, పెడల్ ఉందో లేదో కనుక్కున్నాకే. ఇద్దరూ సమఉజ్జీలై, వారానికి రెండుసార్లు కూర్చోగలిగితే గెర్ష్‌విన్. రిహార్సల్ ఒక్కటే దొరికితే డాంక్లా, గ్లక్ తప్ప మరేదీ వద్దు. ఏది ఎంచుకున్నా, వయొలిన్ పేజీ ఫొటో పంపేటప్పుడే పియానో పేజీలు కూడా పంపించండి.